అనపకాయను సొరకాయ దగ్గరికి పంపిన వైనం

ఆ రోజుల్లో నాకు తెలియని విషయమంటూ ఈ లోకంలో ఒక్కటీ లేదు. (మనకు తెలియనివి ఎన్ని ఉన్నాయో తెలియకపోతే మనిషికి ఎంత సుఖమో!) వయసు ఇరవై రెండు. గురజాలలో ఒక ప్రైవేటు స్కూల్లో కంప్యూటర్ టీచరుగా కొత్తగా చేరాను. హాస్టల్లోనే ఓ గది, తిండీ అక్కడే. సాయంత్రం పిల్లలు వెళ్లిపోయాక ల్యాబులో కూర్చుని ఒక వికీలో రాసేదాన్ని. మన కూరగాయల గురించీ వంటల గురించీ ఎక్కడెక్కడి తెలుగువాళ్లో కలిసి రాసుకునే చిన్న వికీ అది. ఎవరైనా రాయొచ్చు, ఎవరైనా దిద్దొచ్చు. దిద్దేవాళ్లలో పెద్దదిక్కు సత్తెనపల్లిలో ఉండే ఓ రిటైరైన తెలుగు మాస్టారు. లోకమంతా అరసున్నను వదిలేసినా ఆయన మాత్రం వదల్లేదు కాబట్టి మేమంతా చాటుగా ఆయన్ని అరసున్న మాస్టారు అనుకునేవాళ్లం.

ఆ వికీలో నాకు అన్నిటికంటే నచ్చింది దారిమార్పు. అంటే, ఒకే వస్తువుకి రెండు పేర్లున్నప్పుడు ఏ పేరుతో వెతికినా అసలు పేజీకి చేర్చే ఏర్పాటు. కృష్ణ అవతలివాళ్లు పుంటికూర అని కొడితే గోంగూర పేజీ తెరుచుకుంటుంది. ఒక్క వరుస రాస్తే చాలు, పని అయిపోతుంది. ఇంత తక్కువ కష్టంతో ఇంత లోకోపకారం ఇంకెక్కడ దొరుకుతుంది? ఇక రెచ్చిపోయాను. గొంగూర, గోంకూర, గోంగురా, ఎన్ని రకాలుగా తప్పు రాయొచ్చో అన్నిటికీ దారులు వేశాను. చివరికి 'మా అమ్మ వండేది' అనే పేరుతో గుత్తివంకాయకు కూడా ఒకటి వేశాను. మాస్టారి దగ్గర్నుంచి వెంటనే ఫోను.

"అమ్మాయీ, ఆ పేరుతో ఎవరు వెతుకుతారమ్మా?"

"నేను వెతుకుతానండీ."

"అది ఆకలి తల్లీ, దారిమార్పు కాదు. వెతికేవాడు ఒకడుండాలి, రెండు పేర్లూ ఒకే వస్తువువి కావాలి. ఈ రెండూ చూసుకున్నాకే చెయ్యి వెయ్యి."

సరేనండీ అన్నాను. (అనడానికేముంది?) అంతలో మాస్టారికి కంటి ఆపరేషన్ జరిగింది, పదిరోజులు తెర వైపు చూడొద్దన్నారు డాక్టర్లు. బళ్లో మాస్టారు లేని పీరియడ్ ఎలా ఉంటుందో నాకు ఆ పదిరోజులూ అలా ఉన్నాయి. సొరకాయను కొన్ని జిల్లాల్లో ఆనపకాయ అంటారు, దానికి దారిమార్పు అప్పటికే ఉంది. హడావుడిలో జనం దీర్ఘం మరిచిపోతే ఏమైపోతారోనని నాకు బెంగ పట్టుకుంది. 'అనపకాయ' అని కొట్టినా సొరకాయకే పోయేలా ఒకటి వేసేశాను. ఆ సాయంత్రం అలాంటివి ఎన్ని వేశానో లెక్కలేదు. మర్నాటికి వేటినీ గుర్తుపెట్టుకోలేదు.

మా హాస్టల్లో వంట చేసే ఆవిడను అందరం పిన్ని అనేవాళ్లం. మనిషి గట్టి, గొంతు ఇంకా గట్టి. ఆవిడ చేతి ముద్ద తింటే ఇల్లు గుర్తొచ్చేది కాదు. అయితే కరస్పాండెంటు గారికి ఎవరో నరసరావుపేటలో ఒక మెస్సు వంటమాస్టరు గురించి చెప్పారు. ఆయన మనసు అటు లాగుతోంది. సరిగ్గా అప్పుడే ఆయన కొత్త వియ్యపురాలు, చిత్తూరు వైపు ఆవిడ, స్కూలు చూడటానికి ఆదివారం వస్తానంది. "భోజనం ఇక్కడే. ఆమెకి అనపకాయ కూరంటే ప్రాణమంట. ఈ వంట చూశాకే మిగతా సంగతి" అని కరస్పాండెంటు గారు పిన్నితో చెప్పి వెళ్లిపోయారు.

పిన్ని తిన్నగా నా దగ్గరికి వచ్చింది. "అమ్మాయ్, అనపకాయంటే ఏంది? సారునడిగితే నాకు వంటే రాదనుకుంటాడు. నీ కంప్యూటర్లో చూడు."

చూశాను. అనపకాయ అని కొట్టగానే నిగనిగలాడుతూ సొరకాయ పేజీ వచ్చింది. పైన చిన్న అక్షరాల్లో 'అనపకాయ నుండి దారి మళ్లింది' అని ఉంది. ఆ దారి మళ్లించిన ఘనురాలెవరో అని క్షణమైనా ఆలోచించలేదు. "సొరకాయే పిన్నీ! వికీలోనే ఉంది" అన్నాను.

"ఓస్, ఇంతేనా!" అంది పిన్ని.

ఆదివారం మధ్యాహ్నానికి సొరకాయ పాలు పోసిన కూర, సొరకాయ పులుసు, పచ్చిమిరపకాయలు దంచి చేసిన సొరకాయ పచ్చడి, సొరకాయ గారెలు సిద్ధం. వియ్యపురాలు విస్తరి ముందు కూర్చుంది. ఒక్కొక్కటే చూసింది. "నేనడిగింది అనపకాయ కదమ్మా. ఇదంతా సొరకాయ. వియ్యపురాలికి మీ ఊర్లో పథ్యం పెడతారా?" అంది మెల్లగా.

కరస్పాండెంటు గారి మొహం కందగడ్డ అయింది. "ఏందమ్మా ఇది?" అన్నారు పిన్ని వైపు తిరిగి. పిన్ని నా వైపు కూడా చూడలేదు. నా పేరు చెప్పేస్తే తను బయటపడుతుందని తెలిసి కూడా నోరు మెదపలేదు. అది చూశాక నా కాళ్లు వాటంతట అవే ముందుకు నడిచాయి.

"సార్, తప్పు పిన్నిది కాదు, నాదే. దారిమార్పు చేసింది నేను."

"దారిమార్పేంది? వీళ్ల కారు మాచర్ల మీదగా వచ్చిందా?"

వికీ అంటే ఏమిటో, దారిమార్పు అంటే ఏమిటో, దీర్ఘం ఎక్కడ పోయిందో నిలబడి మొత్తం చెప్పాను. ఇంత వివరంగా నేను క్లాసులో ఏనాడూ పాఠం చెప్పలేదు. అంతా విని వియ్యపురాలు, "అయ్యో పిల్లా, అనపకాయంటే చిక్కుడు జాతిది. లోపల అనుములుంటాయే, అదీ!" అంది.

"అనుములా?" పిన్ని గొంతు లేచింది. "ఆ ముక్క ముందే అనుంటే అయిపోయేది గదా! అనుములు నాకు తెలవకపోవడమేంది, మా చేను గట్టున ఏటేటా వేస్తాం! సరేలే తల్లీ, కాయ మారింది గానీ చెయ్యి మారలా. ముందొక గారె తిను, తర్వాత ఇద్దర్నీ కలిపి తిట్టు."

ఆవిడకు నవ్వొచ్చింది. గారె తుంచి పచ్చడిలో అద్దుకుంది. కళ్లలో నీళ్లు తిరిగాయి. (మా పల్నాటి మిరపకాయ కొత్తవాళ్లను అలాగే పలకరిస్తుంది.) నీళ్లు తాగి రెండో గారె తీసుకుంది. మూడోది అడిగి వేయించుకుంది. చెయ్యి కడుక్కుంటూ, "అన్నయ్యా, ఈమెని వదులుకోవద్దండి. వదులుకునేటట్లుంటే మా ఊరికి తీసుకపోతా" అంది. నరసరావుపేట వంటమాస్టరు మాట ఆ తర్వాత మా స్కూల్లో ఎవరూ ఎత్తలేదు.

ఆవిడ అంతటితో ఊరుకోలేదు. "పద, ఆ వికీ ఏదో చూపించు" అంటూ నన్ను ల్యాబుకి నడిపించింది. నా దారిమార్పు తీసేసి అనపకాయకు సొంత పేజీ తెరిచాను. ఆవిడ చెబుతోంది, పిన్ని మధ్యలో అడ్డు తగులుతోంది, నేను టైపు చేస్తున్నాను. "అనపగింజలు నానబెట్టి తొక్క పితికితే పితికిపప్పు. అదీ రాయి" అంది వియ్యపురాలు. పితికిపప్పుకి దారిమార్పు వేయబోయి చెయ్యి ఆపి, "అదీ ఇదీ ఒకటేనా అండీ, వేరేనా?" అని అడిగాను. పుట్టి బుద్ధెరిగాక ఒకర్ని అడిగి పని చేయడం అదే మొదలనుకుంటాను.

"గింజ అదే, తొక్క తీస్తే ఆ పేరు" అంది. వేశాను.

డాక్టర్లు చెప్పిన పదిరోజులూ అయ్యాక మాస్టారి ఫోను. జరిగిందంతా చెప్పుకుని తిట్ల కోసం చెవి రిక్కించాను. అవతల చాలాసేపు నవ్వు. "ఒక మనిషిని పది పేర్లతో పిలిస్తే పదీ కలుపమ్మా. పోలిక ఉంది కదాని ఇద్దరు మనుషుల్ని ఒకర్ని చెయ్యకు. అంతే శాస్త్రం" అన్నారు.

ఇప్పటికీ ఆ వికీలో రాస్తూనే ఉన్నాను. కొత్తవాళ్లకు నియమాలు చెప్పే వయసొచ్చింది. ఒక్క దారిమార్పు వెయ్యాలంటే ముగ్గురికి ఫోను చేస్తాను, రెండు నిఘంటువులు తిరగేస్తాను, తీరా అన్నీ చూశాక రేపు వేద్దాంలే అనుకుంటాను. మొన్న ఏదో వెతుకుతుంటే ఎవరెప్పుడు ఏం మార్చారో చూపించే అనపకాయ పేజీ చరిత్రలో, సొరకాయకు దారి మళ్లించిన నా పాత మార్పు కనిపించింది. పక్కన కారణం రాయాల్సిన చోట 'ఇందులో సందేహమే లేదు!' అని ఉంది. ఎంత తప్పో అంత హుషారు. చదివి చాలాసేపు నవ్వుకున్నాను. ఆ మాట నేను ఏ విషయంలోనైనా రాసి ఎన్నాళ్లయిందో!