ఇసురుగి గారు చెడగొట్టిన చర్మాలు

ఒసాకాలోని ఆ ప్రయోగశాలలో ఏది చెడినా, చెడకపోయినా, చెడగొట్టింది తనేనని ఇసురుగి గారు పొద్దున్నే ప్రకటించేవారు. కోటు బొత్తాలు పెట్టుకోకముందే మొదలు.

"అయిపోయింది. ఈ రోజు చర్మాలన్నీ నా చేతిలో నాశనం."

"ఇంకా పెట్టె విప్పలేదండీ," అనేది ఆయన పక్కన పని నేర్చుకుంటున్న మిత్సుయో.

"విప్పితే తెలుస్తుందిగా!"

పెట్టెలో వచ్చేవి ప్రయోగశాలలో పెంచిన మనిషి చర్మపు ముక్కలు. పేరు చెప్పని రసాయనాలు వాటికి పూసి, కణాల్లో డీఎన్ఏ తెగిందో లేదో చూడాలి. తెగితే సూక్ష్మదర్శిని కింద తోకచుక్కలా తోక కనిపిస్తుంది. ఇదే పరీక్ష చేస్తున్న మూడు ప్రయోగశాలలకూ ఒకే జవాబు వస్తే, ఎలుకల మీద పరీక్షలు మానేసి ఈ పద్ధతినే నమ్మవచ్చు. మిగతా రెండింటికీ వచ్చింది. వీళ్ళకు రెండుసార్లు తప్పింది. మూడోసారీ తప్పితే ఈ పనిలోంచి తీసేస్తారు. చేరి ఏడాది నిండని మిత్సుయో ఉద్యోగమూ అంతటితో సరి. ఆమె ఆశ ఎప్పుడో అడుగంటింది. దానికి తోడు పక్కన ఈయన ఏడుపొకటి.

"నా ఊపిరి తగిలే పాడయ్యాయి."

"మాస్కు పెట్టుకున్నారు కదండీ!"

"మాస్కులోంచి కూడా పాడు చెయ్యగలను. మా ఆవిడనడుగు."

ఆ పనంతా మసక దీపం కిందే చేయాలి. వెలుతురు ఎక్కువసేపు తగిలినా డీఎన్ఏ తెగుతుంది. మూడోసారి, కింద పడ్డ మూత వెతకడానికి మిత్సుయో తెల్లదీపం వేసి, ఆర్పడం మరచి భోజనానికి పోయింది. సాయంత్రం చూస్తే ఏమీ పూయని ముక్కలకు కూడా తోకలే.

ప్రయోగశాల పెద్ద తొకునో గారు వచ్చారు. "ఎవరు చేశారిది?"

"నేను..." అనబోయింది మిత్సుయో.

"నేనే!" ఇసురుగి గారు లేచారు. "పొద్దున చెప్పలేదూ?"

"మీరు రోజూ చెబుతారు!"

"చెబుతున్నా పనిలో ఉంచుకున్నది తమరే."

తొకునో గారు నుదురు కొట్టుకున్నారు. "మీతో వేగలేక చస్తున్నాను. సరే, పంపేవాళ్ళ ముందు తల వంచి ఇంకొక్క పెట్టె అడుగుతా. ఇదే ఆఖరు."

ఆయన వెళ్ళాక మిత్సుయో ఏడ్చేసింది. "దీపం వేసింది నేనండీ. మీ మీద ఎందుకు వేసుకున్నారు?"

"కొత్తగా వచ్చినవాళ్ళు ఏదో ఒకటి చెడగొట్టకుండా ఉంటారా? ఉన్నట్టుండి ఒకరోజు నేనే అంటే ఎవరు నమ్ముతారమ్మా? అందుకే రోజూ అని అలవాటు చేశాను."

ఆఖరి పెట్టె వచ్చిన పొద్దున ఎవరి ముఖంలోనూ నెత్తురు చుక్క లేదు. మిత్సుయో గొంతు సవరించుకుంది.

"అయిపోయింది. ఈ రోజు చర్మాలన్నీ నా చేతిలో నాశనం."

ఇసురుగి గారు మండిపడ్డారు. "ఆ మాట అనడానికి నీకింకా ఏడాదైనా నిండలేదు! పెట్టె విప్పు."