ప్రీయాంప్లిఫయర్‌కు ఆరో బొట్టు

2004 జూలైలో నన్ను లండన్ పక్కనున్న స్లౌ ఆఫీసు నుంచి వేల్స్ సరిహద్దు కొండల్లో ఉన్న ఒక లోయకు పంపారు. హోదా ఫీల్డ్ ఇంజినీరు, ఇంకా ప్రొబేషన్‌లో ఉన్నవాణ్ని. పని, గొర్రెల కాపరి కుక్కల పోటీకి రేడియో రిసెప్షన్ మెరుగుపరచడం. ఈ చివరి మాటను ఫోన్లో మా అమ్మకు మూడుసార్లు చెప్పాల్సి వచ్చింది. నాలుగోసారి ఆవిడే, "సరేలే నాన్నా, ఎవరన్నా అడిగితే టెలికాం అని చెప్తాను" అంది.

ఆ వృత్తిలో ఆరేళ్లు పనిచేసి ముప్ఫై రెండో ఏట విరమించాను. తర్వాత స్లౌలో అందరూ వెళ్లే చోటికే, సాఫ్ట్‌వేర్‌లోకి, వెళ్లాను. ఉద్యోగ విరమణకు జుట్టు నెరవక్కర్లేదని నా అభిప్రాయం. రేడియో పని గురించి అడిగేవాళ్లకు నేను చెప్పేది ఈ ఒక్క ఉదంతమే. ఇందులో ఆ వృత్తి మొత్తం ఉంది, కొన్ని గొర్రెలు అదనం.

ముందు పోటీ సంగతి. కొండ పైభాగంలో ఐదు గొర్రెల్ని వదులుతారు. కింద యజమాని నిలబడి ఈల వేస్తాడు. కుక్క పైకి పరుగెత్తి ఆ ఐదింటినీ గేట్ల గుండా దించి దొడ్లోకి తోలాలి. పైన గొర్రెల్ని వదిలే మనిషిని టాప్ స్టీవార్డ్ అంటారు. అతని చేతిలో లైసెన్సు అక్కర్లేని చిన్న వాకీటాకీ ఉంటుంది, శక్తి అర వాట్. కింద గుడారంలో స్కానర్ ఉంటుంది. ఇది మాట్లాడదు, వింటుంది. టాప్ స్టీవార్డ్, దొడ్డి, కార్ పార్కు, ఈ మూడు చానళ్లనూ వంతులవారీగా తిరిగి చూస్తూ ఎక్కడ మాట వినిపిస్తే అక్కడ ఆగుతుంది. గుడారం నుంచి పైకి జవాబు జెండాతో.

మధ్యలో కొండ భుజం అడ్డు. అంతకుముందు ఏడాది పైనుంచి, "ఆపండి, ఒక గొర్రె కుంటుతోంది" అన్న మాట కిందకు గరగరగా మాత్రమే చేరింది. కుంటి గొర్రె వల్ల ఒకాయన కుక్క ఓడిపోయింది. పోటీ సెక్రటరీ మిసెస్ ప్రైస్‌తో ఆయన ఏడాదిగా మాట్లాడటం లేదు. ఆవిడకు డెబ్బై దాటాయి. ఇద్దరూ చర్చిలో ఒకే బెంచీ మీద కూర్చుంటారు. "ఆదివారం ఆదివారం అతని మౌనం వినాల్సి వస్తోంది లవ్, అది మాత్రం చాలా స్పష్టంగా వినిపిస్తుంది" అని నాతో చెప్పింది. అక్కడ ఎవర్నైనా లవ్ అనే పిలుస్తారు.

వాకీటాకీ యాంటెన్నా మార్చడానికి నిబంధనలు ఒప్పుకోవు. అంటే మాట్లాడేవాడి గొంతు పెంచలేం, వినేవాడి చెవి బాగుచేయాలి. అందుకు గుడారం పక్కన ఆరు మీటర్ల మాస్ట్, అంటే నిలువు స్తంభం, దాని కొసన యాంటెన్నా, యాంటెన్నా కిందే ప్రీయాంప్లిఫయర్ పెట్టాలని సర్వేలో రాశాను. మన ఇళ్లలో ఒకప్పుడు డాబా మీద టీవీ యాంటెన్నాకు బూస్టర్ బిగించేవాళ్లు కదా, దానికి ఇది చదువుకున్న తమ్ముడు. చాలామంది దీన్ని సౌకర్యంగా ఉంటుందని కింద, స్కానర్ పక్కన పెడతారు. అది తప్పు. బలహీనమైన సిగ్నల్ కేబుల్లో దిగుతూ దిగుతూ కొంత పోతుంది. పోయాక పెంచితే పోయింది తిరిగి రాదు, మిగిలినదానితోపాటు రొద కూడా పెరుగుతుంది. కాబట్టి పైనే పెంచి కిందకు పంపాలి. దానికి కావలసిన కరెంటు అదే కేబుల్లో పైకి వెళుతుంది.

మాస్ట్ ఎత్తడానికి నాతో వచ్చినవాడు సుబ్బారెడ్డన్న. ప్రొద్దుటూరు మనిషి, లండన్‌లోని వెంబ్లీలో కాపురం, మా సంస్థలో సీనియర్ టెక్నీషియన్. హోదాలో నేను ఇంజినీర్ని, ఆయన టెక్నీషియన్. వాస్తవంలో ఆయన చెప్తాడు, నేను రాసుకుంటాను. ప్రీయాంప్లిఫయర్‌ని ఎన్నిసార్లు చెప్పినా బూస్టర్ అనే అనేవాడు.

ఆయనకొక పద్ధతి ఉంది. కొత్త పరికరం ఏదైనా పూజ కాకుండా పైకి పోదు. వ్యాన్‌లో స్పానర్ల పెట్టె పక్కన ఇంకో పెట్టె ఉండేది. అందులో పసుపు, గంధం, కుంకుమ, అగరొత్తులు, వెంబ్లీలో కొన్న కొబ్బరికాయ. ఆగస్టు మొదట్లో ఒక సోమవారం, ఎండ కాస్తుండగా, మిసెస్ ప్రైస్ టీ తేవడానికి లోపలికి వెళ్లిన సమయం చూసి పూజ మొదలుపెట్టాడు. మాస్ట్ అడుగున కొబ్బరికాయ కొట్టి, పసుపూ గంధమూ కలిపిన ముద్ద నా చేతికిచ్చి, "బూస్టర్‌కు బొట్లు పెట్టబ్బీ. సమంగా పెట్టు" అన్నాడు.

సమంగా అనే మాటను నేను తేలిగ్గా తీసుకునేవాణ్ని కాదు. అది అల్యూమినియం పెట్టె, ఇటుకలో సగం ఉంటుంది. దానికి ఆరు ముఖాలు. మూతకొకటి, నాలుగు పక్కలకు నాలుగు పెట్టాను. ఆరోది అడుగుభాగం. తిరగేసి చూస్తే సరిగ్గా మధ్యలో చిన్న గుంట ఉంది, ఇక్కడే పెట్టమని ఎవరో గుర్తు చేసి ఉంచినట్టు. ముద్ద అందులో చక్కగా కూర్చుంది. పైన కుంకుమ అద్దాను. ఆరింటిలోకీ అదే అందంగా వచ్చింది.

పరికరంతో వచ్చిన పుస్తకం ఎనిమిది పేజీలు. ఆరు చదివాను. ఏడో పేజీకి నిర్వహణ అని శీర్షిక ఉంది. నిర్వహణ తర్వాతి సంగతి కదా అని ఆపాను.

ఆ రోజు పరీక్ష అద్భుతంగా జరిగింది. కొండ మీద టాప్ స్టీవార్డ్ సాండ్‌విచ్ నములుతుంటే గుడారంలో వినిపించింది. యాక్సెప్టెన్స్ షీట్, అంటే పని సరిగా జరిగిందని కస్టమర్ సంతకం చేసే కాగితం, మిసెస్ ప్రైస్ ముందు పెట్టాను. ఆవిడ కళ్లజోడు తీసేసి, "నములుడు విన్నాను. పోటీ రోజు మాట విన్నాక చేస్తాను" అంది.

పోటీ పన్నెండు రోజుల తర్వాత, శనివారం. ఆ మధ్యలో పది రోజులు వాన కురిసింది.

గురువారం మా మేనేజరు నన్ను పిలిచాడు. మిసెస్ ప్రైస్ ఫోన్ చేసిందట. రేడియో ఇప్పుడు పొయ్యి మీద మరిచిపోయిన కెటిల్‌లా బుస్సుమంటోందనీ, మీరు రాకముందే నయమనీ అన్నదట. మేనేజరు కోపం తెచ్చుకోలేదు. సోమవారంతో నా ప్రొబేషన్ పూర్తవుతుందని గుర్తుచేశాడు. సంతకం ఉన్న షీట్ తెస్తే ఉద్యోగం ఖాయం చేసే ఉత్తరం ఇస్తానన్నాడు. తేకపోతే ఏమవుతుందో చెప్పలేదు. చెప్పక్కర్లేదు. నా వర్క్ పర్మిట్ ఆ ఉద్యోగం మీదే ఉంది. ఉద్యోగం పోతే నేను స్లౌలో ఉండటానికి ఏ కారణమూ ఉండదు.

శుక్రవారం పొద్దున్నే బయల్దేరాం. దారిలో అనుమానితుల జాబితా రాశాను. ఒకటి, పొలం చుట్టూ ఉన్న కరెంటు కంచె. రెండు, ఎదురు కొండ మీది పేజర్ టవర్. పక్కన బలమైన ట్రాన్స్‌మిటర్ ఉంటే ప్రీయాంప్లిఫయర్ ఉక్కిరిబిక్కిరై అసలు సిగ్నల్‌ని వదిలేస్తుంది. మూడు స్కానర్, నాలుగు కేబుల్, ఐదు ప్రీయాంప్లిఫయర్. సుబ్బారెడ్డన్న డ్రైవ్ చేస్తూనే ఓరకంట చూసి, "ఏమప్పా, నీ తప్పు కానివి ముందు రాస్తివి, నీ తప్పయ్యేది చివర్న రాస్తివే" అన్నాడు. సంభావ్యతను బట్టి రాశానన్నాను. "ఊఁ" అన్నాడు.

కరెంటు కంచె సెకనుకోసారి టిక్కుమంటుంది. ఆ టిక్కు రేడియోలో కూడా వినిపిస్తుంది. దాన్ని ఆపమని మిసెస్ ప్రైస్‌ని అడిగాను. "ఎంతసేపు?" అంది. రెండు నిమిషాలన్నాను. "గొర్రెలకు తెలిసిపోతుంది" అంది. తెలియదన్నాను. ఆపింది. స్కానర్‌లో బుస్సు అలాగే ఉంది. కాబట్టి కంచె నిర్దోషి అని జాబితాలో కొట్టేస్తుండగా వెనక ఏదో కదిలింది.

గొర్రెలు మనకంటే శ్రద్ధగా వింటాయి. టిక్కు ఆగిన మొదటి నిమిషంలోనే కంచె దాటాయి. మర్నాటి పోటీకి ఉంచిన మందలో సగం గుడారంలోకి నడిచి వచ్చింది. బహుమతుల బల్ల మీద పరిచిన ఆకుపచ్చ గుడ్డను ఒకటి గడ్డి అనుకుంది. సుబ్బారెడ్డన్న వ్యాన్ బానెట్ ఎక్కేశాడు. దిగమన్నాను.

"మా ఊర్లో గొర్రెలు మనిషిని జూసి జరుగుతాయి అబ్బీ. ఇవి మనిషినే జరుపుతాండాయి. నేను దిగను" అన్నాడు.

మిసెస్ ప్రైస్ రెండు ఈలలు వేసింది. మోస్ అనే ముసలి కుక్క ఎక్కడినుంచో వచ్చి, ఒక్కసారి కూడా మొరగకుండా, అన్నిటినీ తీసుకుపోయింది. పోతూ సుబ్బారెడ్డన్న వైపు చూసింది. ఆయన్ను కూడా తోలాలా వద్దా అని ఆలోచించినట్టే ఉంది.

కంచెకు కరెంటు మళ్లీ వేశారు. పేజర్ టవర్ సిగ్నల్ కొలిచాను, మామూలుగానే ఉంది. స్కానర్ బాగుంది, కేబుల్ బాగుంది. చివరికి మాస్ట్ దించి, ప్రీయాంప్లిఫయర్‌ని తప్పించి, యాంటెన్నాను నేరుగా కేబుల్‌కు కలిపి మళ్లీ ఎత్తాం. టాప్ స్టీవార్డ్ గొంతు సన్నగానైనా వినిపించింది. అంటే మా పరికరం ఉన్నప్పటికంటే లేనప్పుడే నయం. జాబితాలో ఐదోది ఒక్కటే మిగిలింది.

పెట్టె మూత మరలు నాలుగూ విప్పాను. అర గ్లాసు నీళ్లు సుబ్బారెడ్డన్న కొత్త తెల్ల బూట్ల మీద పడ్డాయి. పసుపుపచ్చగా.

ఆయన బూట్లు చూసుకున్నాడు. పెట్టె తీసుకుని తిరగేశాడు. అడుగున బొట్టు గట్టిపడి సిమెంటులా ఉంది. పసుపూ గంధమూ ఎండితే అంత గట్టిపడతాయని నాకప్పుడు తెలిసింది. అది గుంట కాదు, రంధ్రం. ఎంత బిగించినా ఇలాంటి పెట్టెలోకి చెమ్మ చేరుతుంది. అది కారిపోవడానికి అడుగున రంధ్రం వదులుతారు. ఏడో పేజీలో మొదటి వాక్యం అదే.

"అడుగునెవడన్నా బొట్టు పెడతాడా అబ్బీ?"

"సమంగా పెట్టమన్నావు కదన్నా."

"సమంగా అంటే కనబడేతట్టు! మనిషికి అరికాల్లో పెడతామా?"

"పెళ్లికూతురికి పారాణి పెడతారు కదన్నా."

"అది పెండ్లికూతురు! ఇది బూస్టరు!"

మిసెస్ ప్రైస్ వచ్చి, ఆ పసుపు నీళ్లేమిటని అడిగింది. సుబ్బారెడ్డన్న నవ్వు మొహంతోనే తెలుగులో, "తుప్పని చెప్పు" అన్నాడు. ఒక క్షణం ఆలోచించాను. షీట్, సోమవారం, స్లౌ, అన్నీ ఆ క్షణంలో ఉన్నాయి. కానీ అల్యూమినియానికి పసుపు తుప్పు పట్టదు. ఆ అబద్ధం సాంకేతికంగా నిలవదు. అందుకని కొత్త యంత్రానికి పూజ చేస్తామనీ, బొట్టు నేనే పెట్టాననీ, పెట్టకూడని చోట పెట్టాననీ చెప్పాను.

ఆవిడ పెట్టెను వాసన చూసింది. "మా ఆయన కొత్త ట్రాక్టర్ వచ్చినప్పుడల్లా దాని మీద ఒక గ్లాసు ఆపిల్ సైడర్ పోసేవాడు. ఒకసారి ఇంజిన్ గాలి పీల్చే గొట్టంలో పోశాడు. కోతలు వారం ఆలస్యమయ్యాయి" అంది. తర్వాత జుట్టులోంచి పిన్ను తీసి రంధ్రం పొడిచింది. బొట్టు ముక్కలుగా రాలింది. "ఇక దీన్ని ఆరబెట్టాలి, లోపలికి పట్రా" అంది.

వంటింట్లో ఎప్పుడూ వెచ్చగా ఉండే పెద్ద ఇనప పొయ్యి ఉంది. దాని కింది అర తెరిచి పెట్టెను ట్రేలో ఉంచింది. ఆ పరికరం ఎనభై అయిదు డిగ్రీలు దాటితే పాడవుతుందనీ, అర ఉష్ణోగ్రత ఎంతో తెలియాలనీ అన్నాను.

"పై అర రొట్టె వేడి. కింది అర గొర్రెపిల్ల వేడి. ఏప్రిల్లో చలికి బిగుసుకుపోయిన పిల్లలు రెండు ఇందులోనే లేచి నిలబడ్డాయి. నీ పెట్టె గొర్రెపిల్ల కంటే సున్నితమా?"

కాదన్నాను. గంటసేపు కూర్చుని స్కోన్లు అనే చిన్న తీపి రొట్టెలు తిన్నాం. సుబ్బారెడ్డన్న బూట్లు కూడా పొయ్యి ముందే ఆరాయి. పసుపు పోలేదు.

పెట్టె బతికింది. సాయంత్రానికి మాస్ట్ మళ్లీ ఎత్తి పరీక్షించాం. మర్నాడు గుడారంలో స్కానర్ పక్కన కూర్చున్నాను. పదకొండో పోటీదారు, ఏడాదిగా మాట్లాడని ఆ పెద్దమనిషే. కుక్క సగం కొండ ఎక్కింది. అప్పుడు స్కానర్ ఆగి, పక్కన కూర్చుని చెప్పినంత స్పష్టంగా, "ఆపండి, ఒకటి కుంటుతోంది" అంది. మిసెస్ ప్రైస్ జెండా ఎత్తింది. ఆయనకు వేరే గొర్రెలతో రెండో అవకాశం వచ్చింది. నాలుగో స్థానం వచ్చింది. అయిపోయాక గుడారం దాకా వచ్చి ఆవిడతో, "వాన వచ్చేలా ఉంది" అన్నాడు. ఏడాది తర్వాత మొదటి మాట అదట. ఆవిడ షీట్ తీసుకుని సంతకం చేసింది. రిమార్కుల గడిలో, "బాగా పనిచేస్తోంది. గొర్రెపిల్ల వేడిలో గంట" అని రాసింది.

సోమవారం మేనేజరు ఆ రిమార్కు రెండుసార్లు చదివాడు. తర్వాత నా రిపోర్టు చదివాడు. లోపానికి కారణం అన్న చోట, "డ్రెయిన్ రంధ్రం మూసుకుపోయింది, మూసింది నేనే" అని రాశాను. దేనితో అని అడిగాడు. పసుపుతో అన్నాను. ఆయన ఉత్తరం ఇచ్చి, ఇన్‌స్టలేషన్ చెక్‌లిస్టులో దీనికొక అంశం చేర్చమన్నాడు.

ఈ ఉదంతం నేర్పినవి రెండు. బలహీనమైన సిగ్నల్‌కు ప్రీయాంప్లిఫయర్ యాంటెన్నా దగ్గరే ఉండాలి. అనుమానితుల జాబితాను మన తప్పు కాగలిగినదానితో మొదలుపెడితే గొర్రెలు బయటకు రావు.

చెక్‌లిస్టులో పద్నాలుగో అంశంగా, "పెట్టె అడుగున రంధ్రం తెరిచి ఉందో లేదో చూడాలి" అని చేర్చాను. దాని కింద వ్యాన్ కాపీలో సుబ్బారెడ్డన్న పెన్సిల్‌తో తెలుగులో పదిహేనోది రాశాడు: "బొట్లు అయిదే."