వెతికితే దొరకని ఓడ

క్లీవ్‌లాండ్‌లో ఒక స్టీల్ కంపెనీకి కన్సల్టెంటుగా పనిచేస్తున్నాను. కంపెనీ వార్షికోత్సవం కోసం, అక్కడి సముద్రమంత సరస్సుల మీద ఇనుప ఖనిజం మోసిన తమ పాత ఓడల చరిత్రను వెబ్‌సైట్‌లో పెట్టే పని నాకిచ్చారు. వాటిలో తుఫానుకు మనుషులతో సహా మునిగిన ఒక ఓడ పేజీ చూసి మా తెలుగు మేనేజర్, "సెలబ్రేషన్‌లో ఈ చావుల గోలెందుకమ్మా, డిలీట్ చేసెయ్" అన్నాడు. నా వీసా ఎక్స్‌టెన్షన్ ఆయన చేతిలో ఉంది. తీసేశాను.

వెబ్‌సైట్ ప్రారంభోత్సవం రోజు ఒక అమెరికన్ ముసలావిడ నా దగ్గరికొచ్చి, తన తండ్రి పనిచేసిన ఓడను వెతకమంది. అది ఆ మునిగిన ఓడే. పేరు కొడితే తెర మీద ఏమీ రాలేదు. నేను పేరు తప్పు కొట్టాననుకుని, ఆవిడ ఒక్కో అక్షరం నిదానంగా చెప్పింది. రాదని తెలిసే మళ్లీ కొట్టాను.

"రికార్డులు దొరకలేదండీ" అన్నాను.

"మా నాన్న కూడా దొరకలేదులే" అని, నాకు థ్యాంక్స్ చెప్పి వెళ్లిపోయింది.

ఆ నెలలోనే ఎక్స్‌టెన్షన్ వచ్చింది. మావారు పాయసం చేశారు. నా గిన్నె అలాగే ఫ్రిజ్‌లో పెట్టేశాను. ఆవిడ నన్ను తిట్టి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది.