గోడ మీద ఇరవై నాలుగు కోళ్ళు

మా దిక్కు కొత్త రాష్ట్రం వచ్చి నాలుగేళ్ళు, నాకు డిగ్రీ వచ్చి నాలుగు నెలలు అయిన రోజులవి. రాష్ట్రాన్ని ఏం చేయాలో చాలామంది చెప్పేవాళ్ళు గానీ, నా డిగ్రీని ఏం చేయాలో మా ఇంట్లో ఎవరికీ తెలియదు. బాపు దాన్ని రెండు వైపులా తిప్పి చూసి, "మంచిగుంది, పెట్టెల పెట్టు" అన్నాడు. పెట్టాను. ఆ వయసులో మనిషికి ఉద్యోగం లేకపోయినా ఆలోచనలకు కొదువ ఉండదు. నాకు వచ్చిన ఆలోచనల్లో బాపు వద్దనకుండా ఊరుకున్నది ఒక్కటే: పెరట్లో సంకర జాతి గుడ్ల కోళ్ళు పెంచడం. (ఆయన ఊరుకోవడాన్ని నేను అంగీకారం అనుకున్నాను. పత్తి చేలో మందు కొట్టి వచ్చి అలసిపోయి ఉన్నాడని తర్వాత తెలిసింది.)

మర్రిగూడ దగ్గర మాది మెట్ట పొలాల ఊరు. ఆ ఎండాకాలం కొక్కెర తెగులు వచ్చి మా అవ్వ నాటుకోళ్ళన్నీ ఒక్క వారంలో పోయాయి. అప్పటినుంచి ఆమె పొద్దున లేచి ఖాళీ పెరడు వైపు చూసి, అలవాటు కొద్దీ గుప్పెడు నూకలు చల్లి, పిచ్చుకలు తింటుంటే తిట్టేది. టీకాలు వేసిన కోళ్ళు, రోజు విడిచి రోజు గుడ్డు, ఎండకూ వానకూ తట్టుకుంటాయి అని మోపెడ్ మీద వచ్చిన కోళ్ళాయన చెప్పగానే నేను మూడు నెలల పెట్టలు పన్నెండు తీసుకున్నాను. అక్కడితో ఆగితే ఈ కథ లేదు. పొరుగింటికి కూడా మేలు చేద్దామని అదే బండి మీద, అదే గంపలోంచి గోడవ్వకు కూడా పన్నెండు ఇప్పించాను.

గోడవ్వ అంటే మా గోడకు అవతల ఉండే అవ్వ. ఆమె, మా అవ్వ ఒకరినొకరు "వదినె" అని పిలుచుకునేవారు. ఏ వరసన వదినెలో ఇద్దరికీ గుర్తులేదు. రెండు ఇళ్ళ మధ్య నడుమెత్తు రాతి గోడ, ఆ గోడలో ఒక రాయి ఊడిపోయిన సందు. రోజూ పొద్దున మా అవ్వ రెండు గ్లాసుల చాయ్ పోసి, ఒకటి ఆ సందులోంచి అవతలికి పంపేది. నలభై ఏళ్ళుగా ఆ సందులోంచి చాయ్, కూర, తమలపాకులు, ఊళ్ళోవాళ్ళ సంగతులు అటూ ఇటూ పోతూ వస్తూ ఉన్నాయి. రాయి మళ్ళీ పెడదామని బాపు ఒకసారి అంటే ఇద్దరూ కలిసి ఆయన మీద పడ్డారట.

నాటుకోళ్ళతో ఒక సుఖం ఉంది. ఒకటి ఎర్రది, ఒకటి చుక్కలది, ఒకటి మెడ మీద ఈకలు లేనిది. చూడగానే ఎవరిదో తెలిసిపోతుంది. నేను తెచ్చినవి ఇరవై నాలుగూ ఒకే గోధుమ రంగు. కాళ్ళు, తురాయి, నడక అన్నీ ఒకటే. మొదటి రోజే అవ్వ, "గుర్తుకు కాళ్ళకు పేలికలు గడ్దాం బిడ్డా" అంది. నాకు నచ్చింది, శాస్త్రీయంగా ఉంది. బతుకమ్మ పండుగకు సర్కారు పంచిన చీర ఒకటి, తన ఈడుకు మరీ చిలకపచ్చగా ఉందని అవ్వ కట్టకుండా దాచింది. దాని అంచు చింపి పన్నెండు కాళ్ళకు ముడులు వేసింది. సాయంత్రం గోడ మీదుగా చూస్తే అవతల పన్నెండు కోళ్ళ కాళ్ళకూ చిలకపచ్చ పేలికలే. ఇద్దరూ ఒకే వరుసలో నిలబడి చీరలు తెచ్చుకున్నారు కదా. గోడవ్వకూ అదే రంగు వచ్చింది, ఆమెకూ అదే అభిప్రాయం కలిగింది.

"గిదేందే వదినె, నువ్వు గూడ గదే చింపినవా?"

"నేను కట్టుకుంటనా మరి గా రంగు? కోడికే నప్పింది."

ఆ పూట ఇద్దరూ నవ్వుకున్నారు. మర్నాటికి పేలికలను కోళ్ళే ఒకదాని కాలిది ఒకటి పొడిచి పీకేశాయి. అప్పుడు నేను నోటుబుక్కు తెరిచి ఒక్కో కోడి ఆనవాళ్ళు రాయడం మొదలుపెట్టాను. మొదటి కోడి: గోధుమ రంగు, పసుపు కాళ్ళు, చూపులో అనుమానం. రెండో కోడి: గోధుమ రంగు, పసుపు కాళ్ళు, చూపులో అనుమానం. ఐదో కోడి దగ్గరికి వచ్చేసరికి మొదటి కోడినే మళ్ళీ రాస్తున్నానేమోనని నా చూపులోనూ అనుమానం వచ్చింది. ఆపేశాను.

కొన్నాళ్ళకు గుడ్లు మొదలయ్యాయి. అసలు గొడవా అప్పుడే మొదలైంది. గుడ్లన్నీ గోడవ్వ గడ్డివాము సందులోనే! మా ఇంట్లో గడ్డి పరిచి, మెత్తటి గోనెసంచి వేసి, చుట్టాల కోసం తెచ్చిన డబ్బా నీళ్ళు పెట్టి (బాపు: "మనం బోరు నీళ్ళు తాగాలె, కోళ్ళు డబ్బా నీళ్ళు తాగాలె. మంచిగుంది") ఎంత మర్యాద చేసినా, అవి దాణా మా దగ్గర తిని గుడ్డుకు గోడ దూకేవి. పైగా ఒక్కటీ పొదగదు. అవ్వకు ఇది అసలు మింగుడుపడలేదు.

"గుడ్డు పెడ్తది, ఎనక్కి మర్రి సూడదు. గిదేం తల్లి బిడ్డా?"

"సంకర జాతి అవ్వా. పొదగవు."

"మరి పిల్లలెట్లయితయ్?"

"మళ్ళ కొనాలె."

"గీటికన్న బెండచెట్టు నయం. ఎండినంక ఇత్తనాలన్న ఇస్తది" అని, అవ్వ గోడ అవతలికి వినబడేట్టు ఇంకో మాట చేర్చింది. "తినుడు మా దగ్గర, పెట్టుడు మంది కాడ!"

మంది, అంటే పరాయిది అనిపించుకున్న గోడవ్వ ఊరుకుంటుందా? "నా పన్నెండు కోళ్ళు నా గడ్డిల పెడ్తానయ్. మీ కోళ్ళు పెడ్తలేవంటె నేనేం జేయాలె? మీ డిగ్రీని అడుగు!"

"మా కోళ్ళు పెడ్తలేవని నీకెట్ల ఎరుకనే? మొఖం మీద రాసుందా?"

అడగవలసిన ప్రశ్నే. కానీ ముఖం మీద ఏమీ రాసిలేదు. మర్నాటి పొద్దున చూస్తే గోడ సందులో అవతలినుంచి తుమ్మకంప కుక్కి ఉంది. మా అవ్వ ఆ కంపను చూసింది. ఇవతలినుంచి ఇంకో కంప కుక్కింది.

ఆ తర్వాత రోజులు తలచుకుంటే ఇప్పటికీ బాగుండదు. అవ్వ పొద్దున్నే రెండు గ్లాసుల్లో చాయ్ పోసేది, పోశాక గుర్తొచ్చేది. రెండో గ్లాసు నాకిచ్చేది. "నేను తాగిన గదనే" అంటే, "అయితే పారబొయ్యి" అని తన గ్లాసు కూడా సగంలో వదిలేసి లేచిపోయేది. కొత్తకోటలో చూసొచ్చిన పెళ్ళి కబుర్లు చెప్పడానికి మనిషి లేక ఒకరోజు గేదెకు చెప్పడం నేను చెవులారా విన్నాను. కోళ్ళు తెచ్చింది నేను, పొరుగింటికి ఇప్పించింది నేను. నలభై ఏళ్ళ స్నేహాన్ని మూడు నెలల పెట్టలతో చెడగొట్టిన మనిషిగా మిగిలిపోతానేమోనని నాకు నిజంగా భయం వేసింది. ఎవరి కోళ్ళు ఎవరివో కచ్చితంగా తేల్చేస్తే ఇద్దరూ మళ్ళీ మాట్లాడుకుంటారు. అంతే కదా అనుకున్నాను. (డిగ్రీలో నాకు మంచి మార్కులే వచ్చాయి.)

కోడి పొద్దుగూకేసరికి తన గూటికే చేరుతుంది. కనుక పరీక్ష తేలిక. మధ్యాహ్నం ఇరవై నాలుగింటినీ ఊరి బాటలోకి తోలాలి. ఎవరి పెరట్లో వాళ్ళు నిలబడాలి. ఎవరూ పిలవకూడదు, గింజ వేయకూడదు. చీకటి పడే వేళకు ఏ గూటికి ఏవి పోతే అవి వాళ్ళవి. ఇద్దరి దగ్గరికీ విడివిడిగా పోయి చెప్పాను. ఇద్దరూ ధర్మంగానే తలలూపారు.

పొద్దు వాలింది. నేను గోడ చివర నోటుబుక్కుతో నిలబడ్డాను. కోళ్ళు గుంపుగా బాట మీంచి వచ్చాయి. అంతవరకు అంతా శాస్త్రం ప్రకారమే నడిచింది. అప్పుడు మా అవ్వ కొంగు విప్పింది. అందులో జొన్నలున్నాయి. "బా బా బా బా!"

"అవ్వా! పిలవొద్దన్న గద!"

"నేనెక్కడ పిలిచిన్రా? దగ్గిన."

అవతల గోడవ్వ రైక చేతికి మూతి తుడుచుకుని, నడుము దగ్గర దోపిన సంచిలోంచి సజ్జలు తీసింది. "బా బా బా!" కోళ్ళు ఇటు ఉరికాయి. మళ్ళీ అటు ఉరికాయి. గోడ మీదుగా ఇరవై నాలుగు కోళ్ళు అటొకసారి ఇటొకసారి ఎగురుతుంటే నేను రాస్తూ కొట్టేస్తూ, కొట్టేస్తూ రాస్తూ, చివరికి ఏ కాగితం ఏ పెరటిదో నాకే తెలియకుండా పోయింది. జొన్నలు అయిపోయాయి, సజ్జలు అయిపోయాయి. మెడదాకా తిన్న కోళ్ళకు ఇక దిగే ఓపిక లేదు. ఇరవై నాలుగూ వరుసగా ఆ గోడ మీదే సర్దుకుని కూర్చున్నాయి.

మా అవ్వ గోడ దగ్గరికి వచ్చి ఆ చివరినుంచి ఈ చివరిదాకా చూసింది. ఎవరితోనూ కాకుండా గాలితో అన్నట్టుగా అంది: "మొఖాలన్నీ ఆ దిక్కు. తోకలన్నీ నా దిక్కు. చూసినవా అన్యాలం?"

అవతల గోడవ్వ కూడా గోడ దగ్గరికి వచ్చి చూసింది. ఇన్ని రోజుల తర్వాత మొదటి మాట వచ్చింది. "తోకలు నీ దిక్కుంటె గుడ్డు గూడ నీ దిక్కే పడాలె గదనే వదినె!"

సరిగ్గా అప్పుడే ఒక కోడి ఈకలు విదిల్చి, మా దిక్కు ఒకటి జారవిడిచింది. అవ్వ వంగి దాన్ని శ్రద్ధగా చూసింది.

"పడ్డది" అంది. "కని గుడ్డు గాదు."

ముందు ఎవరు నవ్వారో చెప్పలేను, నోటుబుక్కులో కూడా లేదు. గోడవ్వ కొంగు నోట్లో కుక్కుకుని గోడకు ఆనుకుంది. మా అవ్వ కళ్ళు తుడుచుకుంటూ కింద కూర్చుండిపోయింది. "నీ కోళ్ళు పాడుగాను, ఏవి నీయి ఏవి నాయి?" "నాకేమెరుక? అన్నీ నీయే తీస్కో." "నాకెందుకే గీ బాధ, నువ్వే తీస్కో." ఇలా కాసేపు ఒకరి మీదికి ఒకరు తోసుకుని, చివరికి ఇద్దరూ నా వైపు తిరిగారు.

"గీనికి అన్నీ ఒక్కతీరువే దొరికినయా?" అంది గోడవ్వ.

"ఊకోవే, మన పోరడే" అంది మా అవ్వ, తుమ్మకంప లాగుతూ. ముల్లు గుచ్చుకుంటే అవతలి మనిషే గోడ మీదుగా చెయ్యి చాచి తీసింది.

ఆ తర్వాత అవి రెండిళ్ళ కోళ్ళుగానే బతికాయి. ఎవరికి కావలసిన గుడ్లు వాళ్ళు గడ్డిలోంచి తీసుకునేవారు. గుడ్లు తగ్గిపోయాక బాపు ఒక ఆదివారం ఆశగా అడిగితే, "ఎవరిదో తెల్వకుంట ఎట్ల కోస్తం?" అని ఇద్దరూ ఒకే గొంతుతో అన్నారు. అందువల్ల మా ఊళ్ళో ముసలితనం చూసిన కోళ్ళు బహుశా అవే.

ఇప్పుడు మక్తల్‌లో ఉద్యోగం చేసుకుంటూ ఆ సాయంత్రాన్ని తలచుకుంటే నాకు నవ్వొచ్చేది కోళ్ళను చూసి కాదు. పరీక్ష చెడిపోయిందని ముఖం ముడుచుకుని, లోపలికి పోయి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్న ఆ ఇరవై రెండేళ్ళ వాణ్ణి చూసి. వాడికి కావలసింది బయట జరుగుతూనే ఉంది. ఇన్ని రోజుల మాటలన్నీ ఒకేసారి చెప్పుకుంటూ ఇద్దరు ముసలివాళ్ళు ఊపిరాడకుండా మాట్లాడుకుంటున్నారు. మధ్యలో గోడవ్వ అడగడం నాకు వినిపించింది: "పోరడు అలిగిండా ఏంది?"

"అలుగుడు గాదు, సదువుకున్నోడు గద. ఆలోచన జేస్తాండు."

అవ్వ చెప్పింది నిజమే. ముందు గింజలు చల్లింది ఎవరో టైముతో సహా రాసుకోకపోతినే అని, నేను చాలా గట్టిగా ఆలోచిస్తున్నాను.