మా బావ కుట్టిన పాటల గది

మా బావ కర్టెన్లు కుడతాడు. చొక్కాలూ ప్యాంట్లూ ఎవరైనా కుడతారనీ, కిటికీకి సరిగ్గా బట్ట తొడిగినవాడే టైలరనీ ఆయన వాదన. కొలతలకు వెళ్ళిన ప్రతి ఇంట్లోనూ ఈ మాట చెప్పి మరీ వస్తాడు. కింది వాటాలో ముందు గది దుకాణం, వెనక గదీ వంటగదీ సంసారం. పై వాటాలో నేనుంటాను. ఆయన మా అక్కను చేసుకునేనాటికి నేను బడికి వెళ్ళే పిల్లని. అందుకే నాకు ఆయన దగ్గర భయం అలవాటు కాలేదు, ఆయనకు నా దగ్గర పెద్దరికం అలవాటు కాలేదు.

అక్క దుకాణంలో ఇస్త్రీ చేస్తుంది. బావ కుట్టిన ప్రతి కర్టెన్ ఆమె చేతి మీదుగానే బయటికి వెళ్తుంది. ఇస్త్రీ చేస్తూ పాడుతుంది. ఎవరి పాటలో కాదు, తను కట్టుకున్నవే. చినుకు మీద ఉంది, చీమ మీద ఉంది, తలుపు సరిగ్గా మూయకుండా పోయేవాళ్ళ మీద ఉంది. నా మీద కూడా ఒకటుంది, అది ఇక్కడ రాయను. ముడత మీద కట్టింది మాత్రం రాస్తాను.

ముడతా ముడతా ఎటు పోతావే
మూలన నక్కి ఏం చేస్తావే
వెచ్చగ నేనూ వస్తున్నానే
వెన్ను నిమిరి పంపిస్తానే

కాగితం మీద చూస్తే ఇంతేనా అనిపిస్తుంది. వింటే అలా అనిపించదు. బరువైన ఇస్త్రీపెట్టె ఎత్తినప్పుడు ఊపిరి తీసుకునేది, దించి ముందుకు తోసినప్పుడు పాట సాగేది. కర్టెన్ తీసుకోవడానికి వచ్చినవాళ్ళు పని అయిపోయాక కూడా గుమ్మం దగ్గరే నిలబడిపోవడం నేను చాలాసార్లు చూశాను. ఒక్క పాటా ఎక్కడా రాసిపెట్టుకోలేదు. అడిగితే, "రాసుకుంటే మళ్ళీ పాడబుద్ధి కాదే" అనేది.

అలాంటి అక్కకు మెడలో గడ్డ కనబడింది. ప్రాణానికి భయం లేదన్నాడు డాక్టరు. గడ్డ తీసేయాలి, కానీ గొంతును ఆడించే నరం దాన్ని ఆనుకునే పోతోంది, ఎంత జాగ్రత్తపడ్డా గొంతు మారే వీలుందన్నాడు. "మాట్లాడతారు. పాడే సంగతి మాత్రం నేను మాటివ్వలేనమ్మా" అని ఉన్నదున్నట్టు చెప్పాడు. అక్క తలూపి, ఇంటికి వెళ్ళేదారిలో ఉల్లిపాయలు కొనాలంది. బావ మాత్రం దారంతా ఒక్క మాట మాట్లాడలేదు. ఆయన నోరు మూసుకుని నడవడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పొద్దున్నే కిందికి దిగేసరికి దుకాణం నిండా బట్ట తానులు. దుకాణానికీ వెనక గదికీ మధ్య ఒక చిన్న కొట్టు ఉండేది. కిటికీ లేదు. మంచం వేస్తే మనిషి పట్టడు, మనిషి పడితే మంచం పట్టదు. తానులన్నీ అందులోనే ఉండేవి. బావ వాటిని బయట పడేసి, ఖాళీ కొట్టులో నిలబడి చప్పట్లు కొడుతున్నాడు.

"ఏమైంది బావా?" అన్నాను.

"నువ్వూ కొట్టు."

కొట్టాను. గోడలు తిరిగి కొట్టాయి.

"విన్నావా ఆ గణగణ? అది పోవాలి. ఇక్కడ రికార్డింగ్ స్టూడియో కడుతున్నాను."

"ఎవరికి?"

"మీ అక్కకి. ఆ గొంతు ఉండగానే దాచిపెట్టాలి."

ఫోన్లో రికార్డు చేస్తే పోలేదా అన్నాను. ఆయన తన ఫోన్ తీసి వినిపించాడు. అక్క పాట ఎక్కడో నూతిలోంచి వస్తోంది. దాని మీద కుట్టుమిషనూ ఫ్యానూ వీధిలో స్కూటర్లూ ఎక్కి తొక్కుతున్నాయి.

ఆ తర్వాత మా బావ చేసినవి చెప్తే కోతలనుకుంటారు. ఫోన్లో వీడియోలు చూసి గదుల్లో శబ్దం ఎలా తిరుగుతుందో నేర్చుకున్నాడు. కొట్టు గోడలకు కస్టమర్ల కిటికీలకు తీసినట్టే టేపుతో కొలతలు తీశాడు. "ఈ గోడకి నడుము దగ్గర ఉబ్బుంది" అన్నాడు, చూస్తే నిజంగానే ఉంది. చెక్క చట్రాలు చేయించి, వాటిలో చిరిగిన బొంతలూ దుకాణంలో మిగిలిన పీలికలూ కూరి, పైన ముదురు రంగు కర్టెన్ గుడ్డ బిగించి కుట్టాడు. తలుపు వెనక దుప్పట్లు వేలాడదీశాడు. కింద సందులోకి ఇసుక నింపిన పొడవాటి గుడ్డ సంచి. ఊళ్ళో మైకుసెట్లు అద్దెకిచ్చే అతన్ని వారం రోజులు కాకాపట్టి, వాడేసిన మంచి మైకు ఒకటి సంపాదించాడు. "ప", "బ" అన్నప్పుడు మైకులో గాలి ఢామ్మని పేలకుండా ఎంబ్రాయిడరీ చట్రానికి పల్చటి లైనింగ్ గుడ్డ లాగి కట్టి దాని ముందు నిలబెట్టాడు. నా పాత ల్యాప్‌టాప్ బుస కొడుతుందని దాన్ని దుకాణంలో పెట్టి, వైరును గోడలోంచి లోపలికి పంపాడు. ఇంత పని ఇంత శ్రద్ధగా చేసే మనిషి ఇన్నేళ్ళుగా మా కిందే ఉంటున్నాడని నాకు తట్టనే లేదు. ఆయన మీద పట్టరానంత గౌరవం కలిగింది. పైకి మాత్రం, "నెత్తి నిండా దూదుంది, దులుపుకో" అన్నాను.

పాట మొదలుపెట్టేముందు ఫ్రిజ్ ఆపేవాళ్ళం. ఫ్యాన్ ఆపేవాళ్ళం. వెనకింటావిడ కుక్కర్ దించేసిందో లేదో నేను గోడ మీంచి తొంగిచూసి చెప్పాలి. ఫ్రిజ్ మళ్ళీ వేయడం మరిచిపోయి పాలు విరగ్గొట్టిన పాపం కూడా నాదేనన్నారు. నిజానికి అది బావ చేసిందే.

ఇంత చేశాక అక్క లోపలికెళ్ళి ఒక్క చరణం పాడి బయటికొచ్చేసింది.

"నోట్లో గుడ్డ కుక్కుకుని పాడినట్టుందండీ. నా గొంతు నాకే వినబడటం లేదు."

పీలికలు కూరి కూరి బావ ఆ గదిని మూగదాన్ని చేసిపెట్టాడు. వాదించకుండా ఒక వైపు చట్రాలు విప్పేసి అక్కడ చెక్క పలక పెట్టాడు. గొంతు కాస్త తేలింది. అయినా అక్క చేతులు కట్టుకుని మైకు ముందు నిలబడితే పాట రాలేదు, మూడో మాటకే ఆగిపోతోంది. ఇంతలో ఆమే వెళ్ళి, చల్లారిన ఇస్త్రీపెట్టె తెచ్చి, మైకు కింద బల్ల మీద పాత దుప్పటి పరిచి, ఖాళీ దుప్పటిని ఇస్త్రీ చేయడం మొదలుపెట్టింది. పాట దానంతటదే వచ్చింది. దుకాణంలో హెడ్‌ఫోన్లు పెట్టుకున్న బావ నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు.

గుర్తున్న పాటలన్నీ ఆ వారంలో పాడేసింది. ఇక వాటిని శుభ్రం చేసే పని తనదన్నాడు బావ.

ఇక్కడ ఆయన గురించి ఒక సంగతి చెప్పాలి. కుట్టిన గుడ్డకు దారం కొస వేలాడితే ఆయనకు ప్రాణం ఒప్పదు. ప్రతి కర్టెన్‌నూ వెలుతురుకు పట్టి చూసి, కొసలన్నీ కత్తిరించి, సాయంత్రం దుకాణం ఊడ్చి కత్తిరింపులు పారేస్తేగానీ భోజనానికి లేవడు. పాటల విషయంలోనూ అదే చేశాడు. కంప్యూటర్ తెర మీద పాట గీతల్లా కనబడుతుంది కదా, మాటకూ మాటకూ మధ్య చిన్న చిన్న పోగులు కనిపించాయి. అక్క ఊపిరి తీసుకున్న చప్పుళ్ళు. ఒక్కోటీ వెతికి పట్టుకుని అన్నీ కత్తిరించాడు. ఖాళీలు కనబడకుండా దగ్గరికి లాగి అతికాడు. చివర్లో మిగిలిన చెత్తంతా, దాంతోపాటు కత్తిరించకముందున్న అసలు రికార్డింగులన్నీ, ఊడ్చి పారేశాడు. ఎంత శ్రద్ధగా చేశాడో నేను పక్కనే ఉండి చూశాను. బాగుందనే అనుకున్నాను.

మధ్యాహ్నం అన్నాలయ్యాక అక్కను కూర్చోబెట్టి వినిపించాడు. ముడత పాట వచ్చింది. గొంతు మచ్చలేకుండా, గాజులా ఉంది. అక్క తల వంచుకుని వింది. రెండోది వింది. మూడోది సగంలో చెయ్యెత్తి ఆపమంది.

"ఎవరండీ ఈమె?"

"అదేం మాట? నువ్వే."

"నేనైతే ఎక్కడో ఒకచోట ఊపిరి తీసుకోవాలిగా. ఈమె తీసుకోవడం లేదు. వింటుంటే నాకే ఆయాసం వస్తోంది."

అప్పటికిగానీ మాకు తెలిసిరాలేదు. ఇస్త్రీపెట్టె ఎత్తినప్పటి ఊపిరి ఉంటేనే అది పాట, అది తీసేస్తే మాటలు ఒకదాని వెనక ఒకటి తోసుకుంటూ పరిగెడుతున్నాయంతే. తిరిగి తెద్దామంటే అసలువి లేవు. ఆయన మిషను ముందు స్టూలు మీద కూలబడి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు.

"డాక్టర్ కంటే ముందు నేనే కోసేశాను" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. నోటికొచ్చినట్టు తిట్టడానికి సిద్ధపడ్డాను కూడా. ఆయన అలా కూలబడి ఉండటం చూసి మాట మింగేశాను. అక్క కొంగుతో మొహం తుడుచుకుని లేచింది.

"ఆపరేషన్‌కి ఇంకా టైముంది కదా. ఫ్రిజ్ ఆపండి" అంది.

రెండోసారి అంత తేలిక కాలేదు. గడ్డ ఒత్తుతోందో, మొదటిసారి పాడిన అలసటో, రెండు పాటలకే గొంతు బొంగురుపోయేది. గోరువెచ్చటి నీళ్ళు తాగి, కాసేపు పడుకుని, మళ్ళీ వెళ్ళేది. చీమ పాటలో రెండో చరణం ఎంతకీ గుర్తుకు రాలేదు. బావకు గుర్తులేదు, నాకు గుర్తులేదు. ఎన్నేళ్ళు విన్నామో, ఎవరమూ పట్టించుకోలేదు. అది పోయింది, అంతే. మిగతావి ఎలా వచ్చినవి అలాగే ఉంచాడు బావ. ఒక పాటలో స్కూటర్ ఉంది, ఒకదాన్లో వెనకింటావిడ కుక్కర్ కూత ఉంది. తెర మీద కత్తెర బొమ్మ కనబడేచోట చిన్న బట్ట ముక్క అంటించేశాడు, పొరపాటున కూడా చూపు దాని మీద పడకుండా.

ఆపరేషన్ బాగానే జరిగింది. కొన్నాళ్ళు మాట్లాడకూడదన్నారు. అక్క బల్ల మీద ఒకసారి తడితే నన్ను, రెండుసార్లు తడితే బావను పిలిచినట్టు. వంట బావ చేశాడు. మాట్లాడవచ్చని డాక్టర్ చెప్పిన రోజున ఆమె నోటి నుంచి వచ్చిన మొదటి మాట, "ఉప్పెక్కువైంది." బావ కంచం ముందు కూర్చుని పిచ్చివాడిలా నవ్వాడు. నవ్వు ఆగాక ఇద్దరమూ మొహాలు చూసుకున్నాం. ఆ గొంతు అక్కది కాదు. లోతుగా, గరుగ్గా ఉంది, కాస్త పైకి లేవబోతే చీలిపోతోంది. నరం కమిలిందనీ, కొంత కుదుటపడవచ్చుననీ, ఇలాగే ఉండిపోయినా ఆశ్చర్యం లేదనీ డాక్టర్ అన్నాడు.

అక్క ఇస్త్రీకి వచ్చింది. పాడలేదు. పెట్టె ఎత్తడం, దించడం, ఆ ఊపిరి, అన్నీ ఉన్నాయి, పాట ఒక్కటే లేదు. ఒకరోజు బావ సంతోషపెడదామని దుకాణంలో ఆమె పాటలు పెట్టాడు. అక్క ఒక్క చరణం విని, వచ్చి ఆపేసి, మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళిపోయింది. అంత కష్టపడి దాచింది ఆమెకే బరువైందని ఆయన కుమిలిపోయాడు. దాచకపోతే మరచిపోయేదేమో, మరచిపోతే నొప్పి ఉండేది కాదేమో అని నాతో అన్నాడు.

ఆ వారంలోనే ఆయన స్టూడియో విప్పేయడానికి నిర్ణయించుకున్నాడు. తానులు మళ్ళీ లోపల పెడితే దుకాణంలో చోటు కలిసొస్తుందని పైకి చెప్పాడుగానీ, ఆ తలుపు అక్క కళ్ళ ముందు ఉండకూడదన్నదే ఆయన బాధ. ఒక చట్రం విప్పి, ఒక తాను భుజాన వేసుకుని లోపలికి పోబోతుంటే అక్క అడ్డం నిలబడింది.

"ఎవరు విప్పమన్నారు?" అంది ఆ గరుకు గొంతుతోనే.

"ఇంకెందుకే ఇది? మన పని అయిపోయిందిగా."

"మీ పని అయిపోయింది. మీకు కావలసిన గొంతు దాచుకున్నారు. మరి ఇదెవరిది?" అని తన మెడ మీద చెయ్యి పెట్టుకుంది.

బావ భుజం మీది తానును కిందికి దించాడు. అక్క ఇస్త్రీపెట్టె తీసుకుని లోపలికెళ్ళింది. నేను ఫ్రిజ్ ఆపాను. ఎవరూ చెప్పలేదు, చేతులు వాటంతటవే వెళ్ళాయి. బావ ల్యాప్‌టాప్ ముందు కూర్చుని, హెడ్‌ఫోన్ ఒకవైపు తను పెట్టుకుని రెండో వైపు నా చెవికి పట్టాడు.

ముడత పాటే పాడింది. పైకి లేచే చోట గొంతు చీలింది. ఆగింది. ఊపిరి తీసుకుంది. అదే చరణాన్ని కిందికి దించి, నెమ్మదిగా మళ్ళీ అందుకుంది. ముందరి పాట ముడతను గద్దించేది. ఇది బుజ్జగిస్తోంది. నేను పుట్టి బుద్ధెరిగాక అక్క ఇంత బాగా పాడటం వినలేదని అనిపించింది. ఇప్పటికీ అదే అంటాను.

పాట అయిపోయాక తలుపు కొద్దిగా తీసి తల బయటికి పెట్టింది.

"ఎక్కడైనా కత్తిరించాలా?" అని అడిగింది.

బావ చెప్పబోయాడు. పెదాలు కదిలాయి. తల మాత్రం అడ్డంగా ఊపాడు. ఆరోజు మా ఇంట్లో గొంతు పెగలనిది ఆయన ఒక్కడికే.