బ్రిమ్‌స్టెడ్ చెప్పమన్న ‘కాదు’

మా బావ జాబెజ్ థేయర్ పోయి ఈ ఏప్రిల్‌కి రెండేళ్లు నిండాయి. మా బ్రిమ్‌స్టెడ్‌లో ఆయన మాట వస్తే ఇప్పటికీ అందరూ అనేది ఒకటే: “పాపం, బోస్టన్ వాళ్లు ఆయన్ని మోసం చేశారు.” సమాధి దగ్గర పాస్టరుగారు కూడా అదే అన్నారు. నేను టోపీ చేత్తో పట్టుకుని నేలచూపులు చూస్తూ నిలబడ్డాను. ఆ మాట అబద్ధం. అబద్ధమని చెప్పగలిగినవాళ్లం ఇద్దరమే. ఒకడు శవపెట్టెలో ఉన్నాడు. రెండోవాణ్ణి నేను. ఆ అబద్ధాన్ని పుట్టించిందీ నేనే, ఇన్నేళ్లు పెంచిందీ నేనే.

బావ పీపాలు చేసేవాడు. మా కొండల్లో యాపిల్ సారా నిలవున్నా, ఉప్పు పంది మాంసం నిలవున్నా అది బావ చేతి పీపాలోనే. ఓక్ చెక్కని నిప్పు సెగకి వంచి, పట్టీలు దిగ్గొట్టి, నీళ్లు పోసి ఒక రోజంతా చూసేవాడు. చుక్క కారినా మొత్తం విప్పేసి మళ్లీ కట్టేవాడు. మా అక్క హల్దాని చేసుకున్నాడు. ఇంగ్లండు రాజు మీద యుద్ధానికి వెళ్లి, చలికి రెండు కాలివేళ్లు పోగొట్టుకుని వచ్చాడు. మొండిఘటం. కాదన్నాడంటే కాదే. మా అక్క ఆ మొండితనంతో వేగలేక అప్పుడప్పుడు నా దగ్గర ఏడ్చేది కూడా.

అలాంటి మనిషి చివరి ఇరవై ఎనిమిదేళ్లు ఊరి మీటింగు గడప తొక్కలేదు. మార్చిలో మగవాళ్లందరం మీటింగ్‌హౌస్‌లో కూర్చుని రోడ్ల గురించో కంచెల గురించో పోట్లాడుకుంటుంటే, అవతల ఆయన పాకలో సుత్తి చప్పుడు మా చెవుల్లో పడుతూనే ఉండేది. ఎందుకు రాడో ఎవరూ అడిగేవాళ్లు కారు. బోస్టన్ వాళ్లు ఆయన మనసు విరిచేశారు అనుకునేవాళ్లు. నేను అనుకోనిచ్చాను.

అసలు సంగతి ఇది, ముప్పై ఏళ్ల కిందటిది. మా అమెరికాలో పదమూడు రాష్ట్రాలకీ పైన ఒకే పెద్ద ప్రభుత్వం పెట్టాలని ఫిలడెల్ఫియాలో కొందరు కొత్త రాజ్యాంగం రాశారు. ఒప్పుకోవాలా వద్దా తేల్చడానికి ప్రతి ఊరూ ఒక ప్రతినిధిని బోస్టన్‌కి పంపాలన్నారు. డిసెంబరులో మా మీటింగు జరిగింది. చర్చి పెద్ద డీకన్ హాప్‌గుడ్ ఆ కాగితాన్ని గంటన్నర సేపు చదివాడు. పొయ్యి లేని ఆ హాల్లో చదువుతున్న ఆయన నోట్లోంచి పొగలొచ్చాయి. చదవడం అయ్యాక, ఊళ్లో పెద్ద చదువులు చదివిన ఏకైక మనిషి స్క్వైర్ లాత్రప్ లేచి, ఇది లేకపోతే దేశం ముక్కలవుతుందన్నాడు. అప్పుడు మా బావ లేచాడు.

“స్క్వైర్ గారూ, ఒక్క సంగతి చెప్పండి. ఇకమీదట మన మీద పన్నులేసేవాడు ఎక్కడుంటాడు?”

“ఎక్కడో రాజధాని కడతారయ్యా. న్యూయార్కో, ఫిలడెల్ఫియానో.”

“అదీ సంగతి! నా మీద పన్నేసేవాడి పంది ఎవరి చేలో పడుతుందో నాకు తెలిసుండాలండీ. వాడు తప్పు చేస్తే వాడి గుమ్మం ముందుకెళ్లి నాలుగు తిట్టి రావాలి. ఫిలడెల్ఫియా దాకా వెళ్లి తిట్టాలంటే దారిలోనే నా కోపం చల్లారిపోద్ది కదా!”

హాలంతా గొల్లుమంది. బెంచీలు చరిచారు. బావ ఇంకా రెచ్చిపోయాడు.

“రెండేళ్లకోసారి ఎన్నికలంట. ఏడాదికే మన ఊరి పెద్దలకి కళ్లు నెత్తికెక్కుతున్నాయి, ఏం డీకన్ గారూ? పైగా మన మాట మనం అనుకోవచ్చనీ, మన దేవుణ్ణి మనం కొలుచుకోవచ్చనీ ఆ కాగితంలో ఎక్కడా ఒక్క ముక్క లేదు. రాజుని దింపి ఎన్నాళ్లయింది? కుర్చీ వేడి కూడా తగ్గలేదు, అప్పుడే ఇంకోణ్ణి కూర్చోబెడదామా?”

ఒప్పుకునేవాళ్లు కుడిపక్కకి, ఒప్పుకోనివాళ్లు ఎడమపక్కకి వెళ్లమన్నారు. కుడిపక్కకి వెళ్లింది ముగ్గురు: స్క్వైరూ, ఆయన అల్లుడూ, ఎటు వెళ్లాలో వినపడని చెవిటి ముసలాయన ఒకడూ. ప్రతినిధిగా బావనే ఎన్నుకున్నారు. చేతికి కాగితం కూడా రాసిచ్చారు: “మా ఊరు దీనికి ఒప్పుకోదు. మా మనిషి కాదని చెప్పాలి.” నా దగ్గర మంచు మీద జారే గుర్రబ్బండి ఉంది కాబట్టి తోడుగా నన్ను పంపారు.

బోస్టన్‌లో నాలుగు వారాలున్నాం. మూడొందల యాభై మంది పైగా ప్రతినిధులు ఒక చర్చిలో కూర్చున్నారు. పైన గ్యాలరీలో నాబోటి జనం. లాయర్లు లేస్తే గంటకి గాని కూర్చోరు. రోమన్ల సంగతులు, గ్రీకుల సంగతులు. మా కొండల వాళ్లు బల్ల చివర కుక్కిన పేనులా కూర్చునేవారు. ఐదో రోజున బావ ధైర్యం చేసి లేచాడు.

“అయ్యా, నా మీద పన్నేసేవాడి పంది...” అన్నాడు.

అంతే. గ్యాలరీ పగలబడి నవ్వింది. మా ఊళ్లో నవ్విన నవ్వు కాదది. నా పక్కనున్న కుర్రాడు ఒకడు పందిలా గుర్రుమన్నాడు కూడా. బావ ముఖం కందగడ్డలా అయింది. మాట పూర్తి చేయకుండానే కూర్చున్నాడు. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంకా సిగ్గుపడాల్సిన మాట ఒకటి చెబుతాను: ఆ క్షణంలో ఎవరైనా అడిగితే ఆయన మా బావ అని చెప్పేవాణ్ణి కాదు.

ఆరోజు నుంచి బావ మారిపోయాడు. పొగకి నల్లబడిన చేతులు కోటు కింద దాచుకునేవాడు. బసలో నలుగురితో భోంచేస్తూ నేను సూపు జుర్రితే కసిరేవాడు. “కాస్త మెల్లగా తినరా. ఇక్కడ మనల్ని చూస్తున్నారు.”

అలాంటి సమయంలో దొరికాడు మిస్టర్ విన్‌స్లేడ్. ఓడల యజమాని, కొత్త రాజ్యాంగం కావాలనేవాడు. మధ్యాహ్నం భోజనానికి రమ్మని మమ్మల్ని పిలిచాడు. బావని తన కుడిపక్కన కూర్చోబెట్టుకున్నాడు. వెండి పళ్లెంలో ఆల్చిప్పలు, గాజు గ్లాసుల్లో మదీరా ద్రాక్షసారా. ఏ చెక్కతో చేసిన పీపా సముద్రప్రయాణానికి ఆగుతుందని బావని అడిగి, చెప్పిందంతా శ్రద్ధగా విన్నాడు. “మిస్టర్ థేయర్, ఇంత లోతుగా ఆలోచించేవాళ్లు కొండల్లో ఉన్నారని మాకు తెలియదండి. మీరు వేరేవాళ్ల మాట మోసుకొచ్చే సంచీ కాదు కదా, మీ తెలివికి మీరు ఎందుకు అడ్డుపడతారు?” అన్నాడు. డబ్బు ఇవ్వబోతే బావ ఆ డబ్బు అతని ముఖాన కొట్టి లేచొచ్చేవాడు. అతను ఇచ్చింది మర్యాద. బావ బుట్టలో పడ్డాడు. నేనూ పడ్డాను.

సరిగ్గా ఆ వారమే సభలో ఒక మధ్యేమార్గం పెట్టారు. రాజ్యాంగానికి ఒప్పుకుంటూనే, జనం హక్కుల కోసం కొన్ని సవరణలు కూడా చేర్చి పంపుదామన్నారు. విన్‌స్లేడ్ ఇంట్లో రెండోసారి భోంచేస్తున్నప్పుడు బావ సూటిగా అడిగాడు.

“సార్, మా ఊరి మీటింగులో ఒక తీర్మానానికి సవరణ పెట్టి నెగ్గామంటే, అది అందులో కలిసిపోద్ది. సవరణ లేకుండా తీర్మానం లేదు. ఇదీ అంతేనా?”

విన్‌స్లేడ్ చేతిలో ఫోర్కు కింద పెట్టాడు. “అంతే కాదు మిస్టర్ థేయర్. మీతో అబద్ధమాడను. ఇవి వట్టి మనవులు. ముందు మనం ఒప్పేసుకుంటాం, తర్వాత అడుగుతాం. ఇవ్వడం, ఇవ్వకపోవడం వాళ్లిష్టం.”

“అర్థమైందండి,” అన్నాడు బావ.

నేను అక్కడే ఉన్నాను. నా నోట్లో ఆల్చిప్ప ఉంది. ఒక్క ముక్క పొల్లుపోకుండా విన్నాను. వీధిలోకి వచ్చాక, “మరైతే కాదనేగా బావా?” అన్నాను.

“కాదనేరా. ఊరు చెప్పింది కదా.”

ఫిబ్రవరి ఆరున పేర్లు పిలిచారు. జిల్లా వారీగా, ఊరు వారీగా. పిలిచినవాడు లేచి అవుననో కాదనో గట్టిగా చెప్పాలి. మా హ్యాంప్‌షైర్ కౌంటీ వచ్చింది. మా చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కాదు, కాదు అంటున్నారు. కాదన్న ప్రతిసారీ గ్యాలరీలో పెద్దమనుషులు నిట్టూర్చి, ఒకళ్ల ముఖాలొకళ్లు చూసుకుంటున్నారు. “బ్రిమ్‌స్టెడ్, మిస్టర్ జాబెజ్ థేయర్!” అన్నారు. బావ లేచాడు. తలెత్తి పైకి చూశాడు. నా వైపు కాదు. ముందు వరసలో విన్‌స్లేడ్ కూర్చుని చిన్నగా నవ్వుతున్నాడు.

“అవును,” అన్నాడు బావ.

నూట ఎనభై ఏడు అవును, నూట అరవై ఎనిమిది కాదు. బోస్టన్‌లో గంటలన్నీ మోగాయి. బావ ఒక్కడు కాదన్నా ఫలితం మారేది కాదని నాకు నేను ఎన్నోసార్లు చెప్పుకున్నాను. ఆ లెక్క ఎప్పుడూ నాకు ఓదార్పు కాలేదు.

మూడు రోజులు ప్రయాణం చేశాం. ఊరు కనపడే మలుపులో బావ బండి ఆపించాడు. “వాళ్లకి ఏం చెప్పాలిరా? ఏ ముఖం పెట్టుకుని వెళ్లను?”

అప్పుడు చెప్పాను నేను. “సవరణలు అందులో కలిసిపోయాయనుకున్నానని చెప్పు బావా. మన మీటింగుల్లో జరిగేది అదేగా. మన ఊళ్లో ఎవడైనా అలాగే పప్పులో కాలేసేవాడే. ఎవరూ తప్పుపట్టరు.”

బావ సరే అనలేదు, వద్దనలేదు. కబురు మాకన్నా ముందే చేరింది; పూటకూళ్లింటి ముందు జనం మూగారు. డీకన్ హాప్‌గుడ్ ముందుకొచ్చాడు. “అవునన్నావట. నిజమేనా జాబెజ్?” బావ నీళ్లు నమిలాడు. నేనే అందుకుని, కట్టిన కథంతా అప్పజెప్పాను.

“దొంగ వెధవలు!” అన్నాడు డీకన్, ఏనాడూ తిట్టని మనిషి. “నోట్లో వేలు పెడితే కొరకలేని వాణ్ణి చూసి చెవిలో పూలు పెట్టారు.” ఎవరో బావ చేతిలో వేడి సారా పెట్టారు. ఇంకెవరో భుజం తట్టారు. మా అక్క మాత్రం మొగుడి ముఖంలోకి ఒకసారి చూసి, ఏమీ అడక్కుండా ఇంటికి వెళ్లిపోయింది.

మార్చి మీటింగు వచ్చింది. ఊరి తరపున కష్టపడినందుకు జాబెజ్ థేయర్‌కి కృతజ్ఞతలు చెప్పాలనీ, ఆయన్ని ఊరి పెద్దల్లో ఒకరిగా ఎన్నుకోవాలనీ డీకన్ ప్రతిపాదించాడు. బావ లేచాడు.

“వద్దండి. నేను మోసపోలేదు. సవరణలు వట్టి మనవులేనని నాకు తెలుసు. నోరు తెరిచి అడిగాను, ఉన్నదున్నట్టు చెప్పారు. తెలిసే అవునన్నాను. ఎందుకంటే... చెబితే ఛీ అంటారు. కోటేసుకున్న పెద్దమనుషులు నన్ను మిస్టర్ థేయర్ అన్నారు. కాదంటే మళ్లీ నవ్వుతారేమోనని భయమేసింది. అంతే. ఊరు చెప్పమన్న మాట అమ్ముకోలేదు గానీ, అంతకన్నా చవగ్గా ఇచ్చేశాను.”

డీకన్ తల అడ్డంగా ఊపాడు. “నీ మనసు మంచిది జాబెజ్. అందుకే లేని నింద నెత్తినేసుకుంటున్నావ్.”

“మంచీ కాదు, మట్టీ కాదండి! మా బావమరిది పక్కనే ఉండి విన్నాడు. లెవీ, లేచి చెప్పరా.”

హాలంతా నా వైపు తిరిగింది. లేచాను. అవునంటే పూటకూళ్లింటి ముందు కథ అల్లినవాణ్ణి నేనేనని తేలిపోతుంది. ఊళ్లో తలెత్తుకు తిరగలేను. కాదంటే బావ ప్రాణం పెట్టి అన్న మాట గాలికి పోతుంది. రెండూ నాకు స్పష్టంగా తెలుసు. ఆలోచించడానికి వ్యవధి ఉంది కూడా. స్క్వైర్ లాత్రప్ మూతి బిగబట్టి నన్నే చూస్తున్నాడు. ఇంకొక్క క్షణంలో నవ్వేస్తాడనిపించింది.

“నాకు... అలాంటిదేం వినపడలేదండి,” అన్నాను. “అక్కడ గోలగా ఉంది.”

కృతజ్ఞతల తీర్మానానికి బావ తప్ప అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. ఊరి పెద్దరికం మాత్రం బావ తీసుకోలేదు.

నాలుగేళ్లకి హక్కుల సవరణలు నిజంగానే వచ్చాయి. చూశావా జాబెజ్, అంతా మంచికే అయిందని జనం ఆయన్ని ఓదార్చబోయేవారు. ఆయన సుత్తి అందుకునేవాడు. మా ఇంటికి వస్తూ పోతూనే ఉండేవాడు, నా పీపాలకి పట్టీలు బిగించేవాడు. నన్ను ఏనాడూ ఒక్క మాట అనలేదు.

అన్నది ఒక్కసారే, ఆ మార్చి మీటింగు అయ్యాక బయట బురదలో నిలబడి. ఆయన కళ్లలోకి చూడ్డానికి నాకు ముఖం చెల్లలేదు. తిడతాడనుకున్నాను, కొడతాడనుకున్నాను. దగ్గరికొచ్చి నా భుజం మీద చెయ్యేశాడు. ఆ గొంతులో కోపం లేదు. సాటి రోగిని పలకరించినట్టు ఉంది.

“ఇప్పుడు తెలిసిందా లెవీ,” అన్నాడు, “అనకూడని మాట నోట్లోంచి ఎలా వచ్చేస్తుందో?”