జీతం ఎవరిదో చెప్పిన మనిషి

ఒకప్పుడు మా ఎదురింట్లో ఉన్న అన్నయ్యగారు కాలం చేశారు. మొన్న బుధవారం పొద్దున్నే వదినగారు ఫోన్ చేసి, "నిద్రలోనే పోయారమ్మా. కాఫీ కలిపి లేపబోతే లేవలేదు" అని చెప్పారు. నేను నల్లగండ్లలో వాళ్ల అపార్ట్‌మెంటుకి చేరేసరికి లిఫ్టు పక్కన ఆయన ఫోటో పెట్టి, దండ వేసి, కింద "సంఘసేవకులు" అని రాసి ఉంచారు. అంత దుఃఖంలోనూ ఆ మాట చూసి నాకు ఒళ్లు మండింది. ఆయన సంఘసేవకుడు కాదు. జీతం తీసుకుని పైరవీలు చేసిన మనిషి. ఆ సంగతి కప్పిపెట్టి ఆయన్ని మెచ్చుకుంటే అది ఆయనకి మర్యాద కాదు.

తొంభైల చివర్లో లింగంపల్లి దగ్గర మా కాలనీలో ఇళ్లు అక్కడొకటి, ఇక్కడొకటి. మాదాపూర్ వైపు బండలు పేల్చినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు కదిలేవి. మాలో చాలామంది గుంటూరు నుంచో, ఏలూరు నుంచో ఉద్యోగాల కోసం వచ్చినవాళ్లమే. నేను అక్కడి ప్రాథమిక పాఠశాలలో టీచర్ని. అన్నయ్యగారు ఒక కంపెనీలో లైజన్ ఆఫీసర్. అంటే ఏమిటండీ అని అడిగితే, "గవర్నమెంటులో ఎవర్ని ఎప్పుడు కదపాలో కంపెనీవాళ్లకి తెలియదమ్మా. నాకు తెలుసు. అదే నా ఉద్యోగం" అన్నారు.

ఇస్త్రీ చొక్కా జేబులో ఎప్పుడూ రెండు పెన్నులుండేవి. ఒకటి ఆయనది, రెండోది సంతకం పెట్టే వేళకి పెన్ను కనబడని ఆఫీసర్ల కోసం. సచివాలయంలో ఏ పేషీలో ఎవరికి షుగరుందో, ఎవరి పిల్ల ఎంసెట్ రాస్తోందో ఆయనకి కంఠతా వచ్చు. షుగరున్నాయన దగ్గరికి మిఠాయి డబ్బా పట్టుకెళ్లే వేరే కంపెనీ మనిషిని తలుచుకుని నిజంగానే జాలిపడేవారు. "సభల్లో జరిగేది సంతకమేనమ్మా. అసలు పని కారిడార్లోనే అయిపోతుంది" అనేవారు. మరి సభలెందుకండీ అంటే, "ఫోటో తీసుకోవాలి కదా" అని నవ్వేవారు.

మా వీధికి టెలిఫోన్ తీగలు వచ్చింది ఆయన తిరగబట్టే. నన్ను ఎక్కడో వికారాబాద్ అవతలికి బదిలీ చేయబోతే ఆపించింది కూడా ఆయనే. కాబట్టి నేను ఆయన గురించి ఏం రాసినా, ఆగిపోయిన ఆ బదిలీని కూడా కలుపుకుని చదవండి.

కాలనీ వెనక పాలమూరు నుంచి వచ్చిన కూలీల బస్తీ ఉండేది. యాదమ్మది అక్కడ రేకుల ఇల్లు. పొద్దున మా ఇళ్లలో అంట్లు తోమి, తర్వాత కట్టడం పనికి పోయేది. ఒకసారి ఆమె కొడుక్కి కామెర్లు వస్తే పెద్ద దవాఖానలో మంచం ఇప్పించింది అన్నయ్యగారే. అప్పటినుంచి ఆమెకి ఆయన "మా సారు" అయిపోయారు.

ఆ బస్తీకి అవతల బండల్లో అన్నయ్యగారి కంపెనీ స్థలం కొన్నది. దానికి వెడల్పాటి రోడ్డు కావాలి. దగ్గర దారి బస్తీ మీదుగానే. వేస్తే యాదమ్మ ఇంటితో సహా ఆ వరసంతా లేచిపోతుంది. జనం అభిప్రాయం తెలుసుకుంటామని అధికారులు మా బళ్లోనే మీటింగు పెట్టారు. రోడ్డు కావాలని అడుగుతున్నది స్థానికులేనని ఫైల్లో పడాలి, కంపెనీ పేరు ఎక్కడా రాకూడదు. అందుకని కంపెనీవాళ్లు అన్నయ్యగారిని కాలనీవాసిగా లేచి మాట్లాడమన్నారు. ఆయన వెనకాల మాట్లాడటానికి ఇంకో ఇద్దరిని ఎక్కడినుంచో కారులో ఎక్కించుకొచ్చారు. ఇదంతా తర్వాత ఆయనే నాకు చెప్పారు.

ఆ సాయంత్రం బెంచీలు సర్దింది నేనే. బస్తీవాళ్లు నేల మీద కూర్చుని కేకలేస్తున్నారు. అధికారి మాట ఒక్కటీ వినబడటం లేదు. ఆయన విసుగ్గా కాగితం చూసి, "కాలనీ తరఫున మాట్లాడేవారు రండి" అన్నాడు. అన్నయ్యగారు లేచారు. ఆయన్ని చూడగానే యాదమ్మ మొహం విప్పారింది. లేచి వెనక్కి తిరిగి తనవాళ్లని అదిలించింది.

"ఏయ్, జర సప్పుడు జెయ్యకుండ్రి. మా సారు మాట్లాడ్తడు. మన కోసమే మాట్లాడ్తడు, ఇనుండ్రి."

అందరూ కూర్చున్నారు. అంత గోలా ఒక్కసారి ఆగిపోయింది. అన్నయ్యగారు చేతిలో కంపెనీ రాసిచ్చిన కాగితం వైపు చూశారు, యాదమ్మ వైపు చూశారు. కాగితం మడిచి జేబులో ఆ రెండు పెన్నుల వెనక పెట్టుకున్నారు.

"నా ఇల్లు ఈ కాలనీలోనే అండి," అన్నారు. "కానీ నేను ఇవాళ కాలనీ తరఫున రాలేదు. ఈ రోడ్డు కావాలంటున్నది మా కంపెనీ. అది అడగడానికి నాకు వాళ్లు జీతమిస్తారు. నేను చెప్పేది ఆ సంగతి గుర్తుపెట్టుకుని వినండి."

అలా చెప్పి, బస్తీవాళ్ల వైపు తిరిగిపోయారనుకునేరు. లేదు. రోడ్డు ఎందుకు రావాలో చక్కగా, ఒక్క ముక్క తగ్గించకుండా చెప్పారు. బస్సులొస్తాయన్నారు, ఉద్యోగాలొస్తాయన్నారు. యాదమ్మ నిలబడే వింది.

"గదేంది సారూ," అంది. "నా ఇల్లు కూలగొట్టుమని నువ్వే చెప్పవడ్తివి?"

"అవునమ్మా. నా పని అది. కూల్చొద్దని నువ్వు చెప్పాలి. నా తర్వాత నువ్వే మాట్లాడు."

ఆమె మాట్లాడింది. ఏడుస్తూ, తిడుతూ మాట్లాడింది. తర్వాత కారులో వచ్చిన ఇద్దరిలో ఒకాయన లేవబోతే అధికారి, "మీరెవరి తరఫునండీ?" అని అడిగాడు. ఆయన మంచినీళ్లు తాగొస్తానని బయటికెళ్లాడు. రెండో ఆయన తోడు వెళ్లాడు. వాళ్లు మళ్లీ రాలేదు.

వారం తిరక్కుండా అన్నయ్యగారి ఉద్యోగం పోయింది. స్థానికులు కోరారని రాయడానికి వీల్లేక రోడ్డు ఫైలు చాలాకాలం నానింది. చివరికి ఆ రోడ్డు బస్తీని తప్పించి వంపు తిరిగి కంపెనీ స్థలం లోంచే వెళ్లింది. యాదమ్మ ఇల్లు నిలిచింది. ఎదురింట్లో మాత్రం చాన్నాళ్లు కష్టంగానే గడిచింది. వదినగారు పిల్లలకి ట్యూషన్లు మొదలుపెట్టారు. పేషీల్లో పేరు పాడైన మనిషికి ఇంకో కంపెనీ అంత తేలిగ్గా పని ఇవ్వలేదు.

అంతవరకూ వచ్చినవారు బస్తీ వైపే మాట్లాడి ఉండొచ్చు కదా అని నేను ఆయనతో చాలాసార్లు పోట్లాడాను. "జీతం వాళ్లది, మాట వీళ్లదీ అయితే అదీ మోసమేనమ్మా," అనేవారు. ఒక్కరోజు మాత్రం ఇంకొంచెం చెప్పారు. "పేషీలో నా ఎదురుగా కూర్చునే ప్రతివాడికీ నేను ఎవరి మనిషినో తెలుసు. తెలియనిదల్లా యాదమ్మకే. నష్టపోయేదీ ఆవిడే. తను అలా అందర్నీ కూర్చోబెట్టాక కాలనీ తరఫున వచ్చానని చెప్పబుద్ధి కాలేదు."

ఆయన పక్షం సరైనదని నేను ఇప్పటికీ ఒప్పుకోను. అన్నేళ్లూ కారిడార్లలో ఆయన నడిపిన పనుల్లో ఎవరి ఇళ్లు లేచిపోయాయో ఆయనకీ తెలియదు, నాకూ తెలియదు. అయినా ఇప్పుడు ఏ కొత్త రోడ్డు వచ్చినా, ఏ చెరువు గట్టు చదునైనా, ప్రజలు అడిగారు కాబట్టే చేశామంటారు. ఆ అడిగిన ప్రజలకి జీతం ఎక్కడినుంచి వస్తుందో లేచి చెప్పేవాళ్లు నాకు మళ్లీ కనబడలేదు. అందుకే అన్నయ్యగారు పోయారంటే ఇంత బెంగగా ఉంది.

ఆయన్ని తలుచుకుంటే నాకు ఆ మీటింగు అయ్యాక ఇంటికి నడిచిన దారే కళ్లముందుకొస్తుంది. కంపెనీ కారు ఆయన్ని వదిలేసి వెళ్లిపోయింది. కాలనీకైనా, బస్తీకైనా బండల మధ్య కాలిదారి ఒకటే. బస్తీవాళ్లు ముందు నడుస్తున్నారు, ఎవరూ వెనక్కి చూడటం లేదు. వాళ్లకి కాస్త దూరంలో ఆయనా నేనూ. మసక పడుతోంది. తన ఇల్లు ఉంటుందో పోతుందో అప్పటికింకా యాదమ్మకి తెలియదు. దారి మలుపులో పొద్దున పేల్చిన రాళ్లు చెల్లాచెదురుగా పడి ఉన్నాయి. ఆమె వాటి పక్కనే ఆగింది. ఆయన మొహం వైపు చూడలేదు.

"గిక్కడ రాళ్లున్నయ్ సారూ, జర పైలం," అంది.

ఆయన ఆ రాళ్లు దాటేదాకా నిలబడి, తర్వాత గబగబా నడిచి తనవాళ్లలో కలిసిపోయింది.